డెబ్భైకి ఒకటి తక్కువ

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన అంటాడు. ఉండదా మరి, నాకు జీతం ఇస్తున్నదే దానికి. నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచి, భూతద్దంలోంచి చూసి, ఎక్కడ గీత ఉందో ఎక్కడ మరక ఉందో పట్టుకుని దానికో అంకె వేయడం నా పని. ఏ లోపమూ లేని కొత్త నాణేనికి డెబ్భై. అంతకు మించి లేదు. కంటికి ఆనేంత చుక్క ఒక్కటి కనబడితే అరవై తొమ్మిది, ఇంకా పెద్దదైతే ఇంకా కిందికి. ఆ ఒక్క అంకె కోసం జనం కొట్టుకుచస్తారు. తొమ్మిదేళ్ళుగా ఇదే పని కాబట్టి ఇంట్లో కడిగిన గ్లాసు మీద నీటి మరక ఉన్నా, మా ఆయన మాటలో తడబాటు ఉన్నా నాకు ఇట్టే తెలిసిపోతుంది.

మా ఆఫీసుకు మొదట్నుంచీ వచ్చేవి పాత నాణేలే, చేతులు మారి మారి అరిగినవి. టంకశాల నుంచి నేరుగా వచ్చే కొత్త వెండి నాణేలు ఈ ఏడాదే మొదలుపెట్టాం. పని పెరిగింది. నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేయడానికి ఇంకో మనిషి కావాలన్నారు పెద్దాయన, అంటే మా యజమాని. నేను మా ఆడపడుచును తీసుకొచ్చాను.

మా ఆయనకు చెల్లెలు. నోరు ఊరుకోదని చిన్నప్పుడే ఇంట్లో పిచ్చుక అని పేరు పెట్టారు, అదే ఉండిపోయింది. మొగుడితో పొసగక విడిపోయి ఏడాదిన్నరగా మా దగ్గరే ఉంటోంది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు పెద్దాయన. ఖాయమైన మర్నాడే చేరిపోవాలని ఆఫీసుకు రెండు వీధుల అవతల ఒక గది చూసిపెట్టుకుంది. ఒక కిటికీ, చిన్న వంటగట్టు, తలుపుకు మంచి తాళం. "ముప్ఫయ్యారేళ్ళు వచ్చాయి వదినా, ఇంతవరకూ నాదంటూ ఒక తాళంచెవి లేదు" అనేది. ఆమె ఆశంతా ఆ ఉద్యోగం మీదే.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక సోమవారం పొద్దున ఆ కొత్త నాణేలు మాకు పంపే వెండి వ్యాపారి వచ్చి నా బల్ల మీద పద్నాలుగు డబ్బీలు వరసగా పెట్టాడు. అన్నీ మేము సీలు వేసినవే. అన్నిటి మీదా నేను వేసిన డెబ్భయ్యే, కింద నా సంతకమే. లోపల నాణేల మీద మాత్రం తెల్లటి చుక్కలు, పాలు చింది ఆరిపోతే మిగిలే మరకల్లాంటివి.

"ఇవి డెబ్భయ్యా మేడమ్? కొన్నవాళ్ళు తెచ్చి నా మొహాన కొట్టారు" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. నేను చూసినప్పుడు ఆ చుక్కలు లేవు. ఒట్టు, లేవు. డబ్బీల సీలు ఎక్కడా చెక్కుచెదరలేదు. అంటే నా బల్ల దాటాక, సీలు పడేలోపల ఏదో జరిగి ఉండాలి. నా బల్లకూ సీలుకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క మనిషి.

మా పనిలో నాణెం దగ్గర నోరు తెరవకూడదు. మాట్లాడితే కంటికి కనబడని తుంపర పడుతుంది. అప్పటికేమీ తెలియదు, కొన్నాళ్ళకు మచ్చ తేలుతుంది. అందుకే అందరికీ మాస్కులు. పాత నాణేల మీద అలాంటి ఉమ్మి మచ్చలు వందల్లో చూశాను. అవి ముదురు రంగులో ఉంటాయి, ఇవి తెల్లగా ఉన్నాయి. ఆ తేడా నాకు కనబడకపోలేదు. కొత్త వెండి కదా, ఇలా కూడా తేలుతుందేమోలే అని సర్దిచెప్పుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కళ్ళెదుటే ఉండగా ఇంకో కారణం వెతకబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాను. సీలు గదికి అద్దాల తలుపు. మంచినీళ్ళకు వెళ్తున్నట్టు రోజుకు పదిసార్లు ఆ తలుపు ముందు నుంచి నడిచేదాన్ని. పిచ్చుక తల వంచుకుని పని చేసుకుంటూ ఉండేది. మాస్కు ముక్కు మీదే ఉండేది కానీ, ఆ బట్ట లోపలికీ బయటికీ ఆడుతూ ఉండేది. గదిలో ఇంకెవరూ లేరు. ఎవరితో మాట్లాడుతోంది?

ఇంటికొచ్చాక, కూరగాయలు తరుగుతూ ఊరికే అడిగినట్టు అడిగాను. "సీలు వేసేటప్పుడు మాట్లాడతావా ఏంటి పిచ్చుకా?"

"మాట్లాడను వదినా. మాట్లాడకూడదని తెలుసు కదా. అయినా ఎవరితో మాట్లాడతాను, గోడతోనా?" అని నవ్వింది.

ఆ నవ్వు కూడా నాకు తేడాగానే వినబడింది. మర్నాడు ఆమె భోజనానికి వెళ్ళగానే చెత్తబుట్టలోంచి పాత మాస్కు తీసి, లోపలి వైపు భూతద్దం కింద పెట్టి చూశాను. ఏం కనబడుతుందనుకున్నానో నాకే తెలియదు. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్కడితో ఆగలేదు. ఆ పద్నాలుగు నాణేలూ వచ్చిన పెట్టెలోనే సీలు వేయనివి ఇంకా ఇరవై మిగిలి ఉన్నాయి. పది పిచ్చుకకు పంపాను. పది నేనే తీసుకుని, ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నా చేత్తోనే సీలు వేశాను. రెంటినీ వేరువేరు గుర్తులతో నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎవరి వల్ల మచ్చ వస్తోందో అదే చెబుతుంది అనుకున్నాను.

సొరుగు చెప్పేలోపలే మూడు నెలలు నిండాయి. పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మీ ఇంటి మనిషని మొహమాటపడకండి. ఆ అమ్మాయిని ఉంచమంటారా, వద్దంటారా?"

ఇంకో నెల ఆగండి సార్ అనొచ్చు. ఆయన ఆగేవారే. కానీ ఆ పద్నాలుగు డబ్బీల మీద ఉన్నవి నా సంతకాలు. తప్పు సీలు గదిది కాకపోతే నా కంటిదే అవుతుంది. తొమ్మిదేళ్ళుగా ఈ కంటినే నమ్ముకుని బతుకుతున్నాను.

"వద్దు సార్" అన్నాను.

సాయంత్రం ఇంట్లో పిచ్చుక వంటింటి గట్టుకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోనే నా చెయ్యి పట్టుకుని, "నా కోసం నువ్వెంత చెప్పి ఉంటావో నాకు తెలుసు వదినా" అంది. నీళ్ళు తాగమని గ్లాసు అందించాను.

అయిదు వారాల తర్వాత సొరుగు తెరిచాను. పిచ్చుక సీలు వేసిన పదింటిలో నాలుగింటి మీద తెల్లచుక్కలు. నేను వేసిన పదింటిలో ఆరింటి మీద. భూతద్దం మార్చి చూశాను, దీపం మార్చి చూశాను. ఆరే.

డబ్బీలన్నీ పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన అక్కడికక్కడే ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశారు. కొత్త వెండికి ఇది మామూలేనట. నాణెం అచ్చు వేయకముందు వెండి బిళ్ళలను కడుగుతారు. ఆ కడిగిన మందు పూర్తిగా పోకపోతే ఎప్పుడో వారాల తర్వాతో, నెలల తర్వాతో తెల్లగా పైకి తేలుతుందట. ఎంత కన్ను పెట్టి చూసినా ముందు కనబడదట.

"మరేం ఫరవాలేదు. ఇకమీదట కొత్త వెండి మీద తర్వాత తేలే చుక్కలకు మన పూచీ లేదని కాగితం మీద వేసేద్దాం" అన్నారు. "పాపం ఆ అమ్మాయి. సోమవారం నుంచి రమ్మనండి, ఖాయం చేసేద్దాం."

ఆయనకు అంత సులువుగా అయిపోయింది. ఇంటికెళ్ళే దారంతా నాకు ఒకటే ఆలోచన. వద్దన్నది నేనని పిచ్చుకకు తెలియదు. పెద్దాయన చెప్పే మనిషి కాదు. మంచి వార్త ఒక్కటే చెప్పి ఊరుకుంటే నాకు దండాలు కూడా పెడుతుంది.

చెప్పగానే నిజంగానే వచ్చి నన్ను వాటేసుకుంది. "ఇదంతా నీ వల్లే వదినా" అంది. ఆ మాట మింగుడు పడలేదు. ఆమె చేతులు విడిపించి, "అప్పుడు వద్దన్నది కూడా నేనే" అన్నాను.

అర్థం కానట్టు చూసింది. మొత్తం చెప్పాను. మాస్కు సంగతి కూడా దాచలేదు. పేపరు చదువుతున్న మా ఆయన దాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"నన్నొక్క మాట అడగాల్సింది" అంది పిచ్చుక.

"అడిగాను కదా, మాట్లాడతావా అని."

"మాట్లాడనని చెప్పాను కదా."

"మాస్కు ఆడటం నా కళ్ళతో చూశానే!"

"లెక్కపెట్టుకుంటున్నాను వదినా. సీలు మిషను పిడి నొక్కి పన్నెండు అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి, పెదాలతోనే లెక్కపెట్టు, గొంతు బయటికి రాకూడదు అని మొదటి రోజు నువ్వే కదా నేర్పావు? పక్కన నిలబడి చేసి కూడా చూపించావు."

నిజమే. నేనే నేర్పాను. నాణెం మీద వెంట్రుకవాసి గీత ఉంటే నెల తర్వాత కూడా చెప్పగలను కానీ, నా నోటితో నేను నేర్పిన మాట నాకు గుర్తు రాలేదు. భూమి చీలితే బాగుండుననిపించింది. "తప్పయిపోయింది పిచ్చుకా" అన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

పిచ్చుక లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. ఆ గది ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కుని వస్తానని అన్నతో చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చి, ఒక కాగితం, కలం నా ముందు పెట్టింది.

"సోమవారం పనిలోకి వస్తాను. ఉద్యోగం నాకు కావాలి. పిడి పన్నెండు అంకెలు పట్టుకోమని, పెదాలతో లెక్కపెట్టుకోవచ్చని ఇందులో రాసి సంతకం పెట్టు."

రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. పిచ్చుక నిలబడే రెండుసార్లు చదివి, కాగితం మళ్ళీ నా ముందుకు జరిపింది.

"తారీకు వేయలేదు" అంది.

తారీకు వేశాను.