సగంలో కప్పిన శాలువా

తప్పెవరిదని అడిగితే మా ఇంట్లో మూడు జవాబులు వస్తాయి. మా ఆయన మరిచిపోయానంటారు. మా బావగారికి తప్పు జరిగిందనే తెలీదు. నన్నడిగితే మాత్రం నాదే అంటాను. ఊరి మీద పడి అరిచే నోరు, కావలసిన పూట మూసుకు కూర్చుంది కాబట్టి.

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి అబిడ్స్ వైపు తిరిగే సందులో ఒక పాత మేడ ఉంది. దాని పై అంతస్తు మా మిత్రమండలిది. ప్రతి నెలా మూడో ఆదివారం సాయంత్రం ఐదింటికి అక్కడ జానపద పాటల సభ జరుగుతుంది. అధ్యక్షులు మా బావగారు, మా ఆయనకు అన్నగారు, వామన్‌రావు గారు. ఎనభై రెండేళ్లు. కోర్టులో గుమాస్తాగా చేరి సిరస్తదారుగా దిగిపోయిన మనిషి. ఆయనకు చిన్నప్పటి నుంచీ పద్యనాటకాల పిచ్చి. బాగా పాడినవాడికి ‘వన్స్ మోర్’ అనకపోతే వాణ్ణి అవమానించినట్టేనని ఆయన శాస్త్రం.

కార్యదర్శిని నేను, అహల్యను. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి ఎందరి చెవులో మెలిపెట్టిన దాన్ని. అంతటి నేను బావగారి ఎదుట కూర్చోను, ఆయనతో నేరుగా మాట్లాడను. పెళ్లయిన మర్నాడు మా అత్తగారు పెట్టిన రివాజు అది. కార్యదర్శి అధ్యక్షుడికి చెప్పాల్సిన ప్రతి ముక్కా నడుమ మా ఆయన విజయేందర్ నోటి మీదుగా పోవాలి. నవ్వుకోండి. మేమూ నలభై ఏళ్లు నవ్వుకున్నాం.

పూలమ్మ ఆ మేడ ఊడ్చి తుడిచే మనిషి. జనగామ దిక్కు నుంచి వచ్చింది. ఆరేళ్ల కింద మెట్లు కడుగుతూ వరినాట్ల పాట పాడుతుంటే విని, చేతిలో చీపురు లాగేసి మైకు ముందు నిలబెట్టాను. ఆ తర్వాత ఆమె లేని సభ లేదు. ఆమెకు ఒక్కడే కొడుకు, అంజన్. లారీ నడిపేవాడు. ఊళ్లో ఉంటే సభనాడు వచ్చి కింద మూడో మెట్టు మీద కూర్చునేవాడు, అయిపోయాక తల్లిని బండి మీద తీసుకుపోదామని. పైకి రమ్మంటే, “ఇంట్ల దినాం అవ్వ పాట ఇంటనే ఉన్న గద టీచరమ్మా” అని నవ్వేవాడు.

ఆషాఢంలో అంజన్ నాగపూర్ అవతల రోడ్డు మీద పోయాడు. అంత దూరం నుంచి తెచ్చే దిక్కులేక తోటి డ్రైవర్లు అక్కడే దహనం చేసి, కుండలో బూడిద తెచ్చి తల్లి చేతిలో పెట్టారు. పూలమ్మ ఏడవలేదు. దినాలు కాగానే పనిలోకి వచ్చి మెట్లు కడిగింది. నాకు భయమేసింది.

“ఏడ్వవేమే పూలమ్మా? గుండెల పెట్టుకుంటె రోగమైతది” అన్నాను ఒకనాడు.

“యాడ ఏడ్వాలె టీచరమ్మా? కిరాయి ఇల్లు. శోకాలు పెడితె ఖాళీ చెయ్యుమన్నడు ఓనరు. ఊర్ల ఇల్లు లేకపాయె. మీద వడి ఏడుద్దామంటె పీనుగన్న రాకపాయె.”

“మా హాల్ల ఏడువు. తాళం నేనిస్త.”

“ఒక్కదాన్నే ఏడిస్తె అది ఏడ్పు గాదు. నలుగురు ఇనాలె.” బకెట్ పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. “శోకమంటె ఊకె ఏడ్చుడు గాదమ్మా. ముందుగాల పిలవాలె, రా కొడుకా, ఒక్కపారి మొకం జూపు అని. ఆఖర్న పంపాలె, పో కొడుకా, పైలంగ పో అని. మా అవ్వ గట్లనే ఏడ్చేది. పిలిచి పంపకుంటె పోయినోడు యాడికి పోలేడు. గీడగీడనే తిరుగుతడు.”

నలుగురేం ఖర్మ, మాకు నలభై మంది ఉన్నారు. నిజం దాచను, అందులో నా స్వార్థమూ ఉంది. ఆమె పాడక రెండు నెలలుగా సభ ఉప్పులేని పప్పులా ఉంది. “మూడో ఐతారం ఏడువు” అన్నాను. “ఎవ్వరు చప్పట్లు కొట్టరు, ఎవ్వరు నడుమ ఆపరు. నాది పూచీ.”

పూలమ్మ తడి చేతులతో నా చెయ్యి పట్టుకుంది. “దీపాలు పెట్టకముందె అయిపోవాలె టీచరమ్మా. దీపాల యాళ్లకు ఏడ్వొద్దు.”

“ఔ” అన్నాను.

వాట్సాప్ గ్రూపులో అందరికీ పెట్టాను, పూలమ్మది పాట కాదు, చప్పట్లు వద్దు అని. బావగారికి ఆ ఫోను లేదు. “మీ అన్నగారికి చెప్పండి, ఆ ఒక్కరోజు వన్స్ మోర్ అనొద్దని” అని మా ఆయనకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ పేపరులోంచి తలెత్తకుండా “ఔ ఔ, చెప్త” అన్నారు.

ఆ ఆదివారం ఐదింటికి మొదలు పూలమ్మే అని రాసుకున్నాను. బావగారి అధ్యక్షోపన్యాసం ముప్పావు గంట సాగింది. కిటికీలో వెలుగు తగ్గుతోంది. పూలమ్మ మైకు దగ్గరికి పోలేదు. కింద నేల మీద కూర్చుని, అంజన్ చొక్కా మడత విప్పి ముందు పరిచింది. దాని మీద చెయ్యి వేసి మెల్లగా మొదలుపెట్టింది.

“సద్ది గట్టుమంటివి కొడుకా... మూట ఇప్పకపోతివా కొడుకా... తొవ్వ తెలువని దేశంల తొంగుంటివా కొడుకా...”

మైకు లేకపోయినా ఆ గొంతు గోడలకు తగిలింది. మా వాళ్లంతా తలలు దించుకున్నారు. రెండు నెలలు దాచిన ఏడుపు ఒక్కో మెట్టే ఎక్కి పైకి వచ్చింది. “రా కొడుకా... ఒక్కపారి రా... అవ్వకు మొకం జూపు రా...” ఆ పిలుపు దగ్గర గొంతు ఎంత దూరం పోవాలో అంత దూరం పోయి ఆగింది. పంపే ముందు ఊపిరి తీసుకోవడానికి ఆగింది, అంతే.

“వన్స్ మోర్!”

ముందు వరుసలో బావగారు లేచి నిలబడ్డారు. కళ్ల నీళ్లు చెంపల మీద కారుతున్నాయి. చెయ్యెత్తి మళ్లీ అన్నారు, “వన్స్ మోర్ తల్లీ!”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరుచుకుని ఉంది. “అయ్యో, మరిచిన” అన్నారు. పూలమ్మ నా వైపు చూసింది. పూచీ ఇచ్చింది నేను కదా, నన్నే చూస్తుంది. లేచి నిలబడ్డాను. బావగారూ, ఆగండి, కూర్చోండి. ఆ మూడు మాటలే. గొంతు దాకా వచ్చాయి. ఎదుట ఆయన ఉన్నారు. నలభై ఏళ్ల అలవాటు నా నోటికి అడ్డంగా నిలబడింది. అంతమంది చూస్తుండగా కొంగు సర్దుకుని నిలబడ్డాను, అంతకు మించి ఏమీ చెయ్యలేదు. ఛీ, నా బతుకు!

పెద్దసారు అడిగితే కాదనే అలవాటు పూలమ్మకూ లేదు. మళ్లీ పిలిచింది. ఈసారి ఇంకా గట్టిగా పిలిచింది. “రా కొడుకా...”

అధ్యక్షుడే చప్పట్లు కొడుతుంటే వాట్సాప్ ఎవరికి గుర్తుంటుంది? హాలు హాలంతా లేచి కొట్టింది. బావగారు వేదిక మీది శాలువా తెచ్చి వంగి ఆమె భుజాల మీద కప్పారు. “నీ గొంతులో సరస్వతి ఉందమ్మా” అన్నారు. నలుగురు ఫోటోలు తీశారు. అక్కడి నుంచి ఆయన నేరుగా దేవుడి పటం దగ్గరికి వెళ్లి, ప్రతి సభలో చేసినట్టే, సందెదీపం వెలిగించారు.

పూలమ్మ దీపం వైపు చూసింది. శాలువా కిందనుంచి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

“టీచరమ్మా, అయిపోలే. ఇంక పంపలే.”

ఆ తర్వాత ఎవరో బతుకమ్మ పాట ఎత్తుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. తిట్టవే, చీపురు తిరగెయ్యవే అన్నాను. ఆమె తిట్టలేదు.

“పెద్దసారు సుత నిజంగనె ఏడ్చిండు గదమ్మా. ఆయననేమంట?”

“తలుపులు మూసుకుందాం. నేను, నువ్వు, ఇంకో నలుగురం ఆడోళ్లం. మిగిలింది ఏడువు.”

“నడిమిట్లకెళ్లి ఏడ్వరాదు. మల్ల పిలువాలె. ఒచ్చినోణ్ణి ఎట్ల పిలుస్త? పిలువకుంట ఎట్ల పంపుత?” అని మెట్ల మీద నీళ్లు కుమ్మరించి తుడవసాగింది. మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి బకెట్ పక్కకు జరిపింది. ఆ ఒక్క మెట్టు పొడిగానే వదిలేసింది.

“జర పక్కకెళ్లి పొండ్రి టీచరమ్మా” అంది. “కూసున్నడు.”

ఆ నెలంతా నేను మూడో మెట్టు గోడవారగా ఎక్కాను. ఇంట్లో మా ఆయన ఒకసారి గొంతు సవరించుకుని అన్నారు, “అన్నయ్య వచ్చే సభకు కూడా పూలమ్మదే పెట్టమన్నాడు. అదే పాట.” నేను అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాను. అసలు సంగతి బావగారికి చెప్పమని మళ్లీ అడిగాను. ఈ వయసులో ఆయన తట్టుకోలేడు, వద్దులే అన్నారు. జాబితాలో మాత్రం పూలమ్మ పేరు రాయలేదు, అంతవరకే నా చేతనైంది.

మూడో ఆదివారం వచ్చింది. బావగారు కడ్డీ పట్టుకుని ఎక్కుతున్నారు. వెనక నేను, మర్యాదగా నాలుగడుగుల దూరంలో. రెండు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. మూడో మెట్టు మీద చెయ్యి ఆనించి, అక్కడే కూర్చోబోయారు. పైన పూలమ్మ చీపురుతో నిలబడి ఉంది. నేను మళ్లీ కొంగు సర్దుకున్నాను, అంతే.

పూలమ్మ మెట్లు దిగి వచ్చింది. బావగారి పక్కన ఖాళీ జాగా వైపు చూసి, మెల్లగా అంది.

“జర జరుగు కొడుకా, పెద్దసారు కూసుంటడు.”