జెరోతిచ్ కొలపుల్ల

పాదం కొలవాలంటే మధ్యాహ్నం దాటాక రమ్మంటాను. పొద్దున్నే పాదం సన్నగా ముడుచుకుని ఉంటుంది. నడిచి, పరుగెత్తి, నీళ్ళు మోసి, మూడు గంటలయ్యేసరికి కాస్త ఉబ్బుతుంది. బూటు మోయాల్సింది ఆ ఉబ్బిన పాదాన్నే. ఎటు చూసినా పరుగెత్తేవాళ్ళే ఉండే మా ఇటెన్ ఊరి సంతలో పదిహేనేళ్ళుగా పాతబూట్లు అమ్ముతున్నాను. ఎవరెంత తొందరపెట్టినా పొద్దుటిపూట కొలత తీయను.

నా దగ్గర టేపు లేదు. లోయ అంచున వాగు పక్కన రెల్లు దొరుకుతుంది. మనిషిని నేల మీద నిలబెట్టి, బరువంతా ఆ పాదం మీదే వేయించి, మడమ నుంచి పొడవాటి వేలి కొస దాకా రెల్లుపుల్ల ఆనిస్తాను. దానికి నా బొటనవేలి వెడల్పు కలిపి విరుస్తాను. ఆ పుల్ల బూటు లోపల వంగకుండా, ఆడకుండా పడుకుంటే పొడవు కుదిరినట్టు. రెండు పాదాలూ ఎవరికీ ఒక్కలా ఉండవు. పెద్ద పాదానికే కొలవాలి. చిన్నదానికి ఒక గుడ్డముక్క పెట్టుకోవచ్చు, పెద్దదాన్ని ఏం చేసుకుంటాం?

వాడిన పుల్లలు పారేయను. మా ఇంటి చూరులో దోపి ఉంచుతాను. ఏది ఎవరిదో నాకు తెలుసు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇక్కడ లేరు. కొందరు పరుగుల క్యాంపులకి, కొందరు పోలీసు ఉద్యోగాలకి వెళ్ళారు. కొందరు మట్టిలోకి వెళ్ళారు. గాలి వీచినప్పుడు చూరులో పుల్లలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి. నిద్ర పట్టని మనిషికి అది మంచి చప్పుడు కాదు.

నా కూతురు జెసాంగ్ పుల్ల మాత్రం అక్కడ లేదు. ఆ పిల్ల నైరోబీకి ఇంటిపనికి వెళ్ళేనాటికి నాకు ఈ వ్యాపారం లేదు, కొలవడం తెలీదు. చేత్తో పట్టుకుని చూసి, సరిపోతాయనుకుని కాన్వాసు బూట్లు కొనిచ్చాను. "వేళ్ళు నొక్కుకుపోతున్నాయమ్మా" అంది. "నాలుగు రోజులేసుకుంటే అవే సాగుతాయిలే" అన్నాను. మటాటు బండి ఎక్కడానికి రోడ్డు దాటుతూ కుంటింది. మూడేళ్ళకి అక్కడే జబ్బుచేసి పోయింది. కబురు అంది నేను వెళ్ళేసరికి ఆ పనిచేసిన ఇంటివాళ్ళే పూడ్చేశారు. అందుకే నా కళ్ళలో జెసాంగ్ ఇప్పటికీ చావలేదు, రోడ్డు దాటుతూ కుంటుతూనే ఉంది.

అది నాకు వదిలివెళ్ళిన పిల్ల జెరోతిచ్. పశువులు ఇంటికొచ్చే వేళ పుట్టింది కనుక ఆ పేరు పెట్టాం. నేను చెప్పబోయేది దానికి పందొమ్మిదేళ్ళప్పటి సంగతి.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు, రోజూ పరుగెత్తే జెరోతిచ్‌కి కుడికాలు మోకాలి కింద నొప్పి పట్టుకుంది. క్లినిక్‌లో నర్సు ఎముక వెంట వేలితో నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. పిల్ల పెదవి కొరుక్కుంది.

"మెత్తటి బూట్లు వేసుకో, లేదంటే పరుగు మానెయ్. ఈ చెక్కల్లాంటి వాటితోనే ఎగిరావంటే ఈ ఎముక చీలుతుంది" అంది నర్సు.

మానడమనే మాట మా ఊళ్ళో పిల్లల చెవుల్లోకి పోదు. పైగా మూడు వారాల్లో కోచ్ యాటోర్ మట్టి ట్రాకు మీద పోటీ పెడుతున్నాడు. ఇరవై అయిదు చుట్లు. ముందొచ్చిన ముగ్గురు అమ్మాయిల్ని అడవి పక్కన క్యాంపుకి తీసుకుపోతాడు. తిండి, పడక, బూట్లు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఇంటికి మాత్రం పంపరు. ఒకసారి అక్కడ చేరిన పిల్ల పండక్కి కూడా రాదని విన్నాను.

ఎల్డొరెట్ పట్నం నుంచి పాతబూట్ల కొత్త మూట వచ్చిన రోజు మధ్యాహ్నం జెరోతిచ్‌ని దుకాణానికి రమ్మన్నాను. నా పక్కన కూర్చుని బూట్లు కుట్టే చెసిరే తన సూది ఆపి చూస్తున్నాడు.

"ఏం వదినా, మనవరాలి కోసం మూట అడుగంటా తవ్వుతున్నావు. నాకు మాత్రం పోయినసారి రెండూ ఎడమకాలివే అంటగట్టావు."

"నీ నడక చూసే ఇచ్చాను. నువ్వెలాగూ ఎటు పోతావో నీకే తెలీదు కదా."

జెరోతిచ్ నవ్వి, మెరుస్తున్న ఎర్ర జత ఒకటి అందుకుంది. "అవ్వా, ఇవి చూడవే."

"రంగు కాలికి తెలీదే. పక్కన పెట్టు. నీ పాతవి ఇలా ఇవ్వు ముందు."

పాత బూటు తిరగేసి చూడకుండా కొత్తది ఎంచకూడదు. దాని అడుగు లోపలి అంచున అరిగిపోయి ఉంది. పరుగులో పిల్ల పాదం లోపలికి వాలుతుందన్నమాట. అలాంటివాళ్ళకి మెత్తదనం ఒక్కటే చాలదు, లోపలివైపు కాస్త గట్టిగా నిలబెట్టేది కావాలి. ఎర్రజతని రెండు చేతులతో వంచాను. నడుం దగ్గర మడతపడింది. వేళ్ళు వంగేచోట వంగాలి గాని నడుం దగ్గర మడతపడే బూటు అరికాలిని చంపేస్తుంది. విసిరేశాను. ఇంకో అయిదు జతలు అలాగే పోయాయి. ఒకదానికి మడమ పట్టు లేదు. ఒకటి ముందువైపు ఇరుకు. చిన్నప్పుడంతా చెప్పుల్లేకుండా తిరిగిన మా పిల్లల వేళ్ళు విచ్చుకుని ఉంటాయి, ఎక్కడో ఎవరి కాళ్ళకో చేసిన బూట్లు వాటిని పిసికేస్తాయి.

మూట అడుగున నీలం జత దొరికింది. ఎవరో పట్టుమని నెల కూడా వాడలేదు. వేళ్ళ దగ్గర వంగింది, నడుం దగ్గర మొండికేసింది. అడుగున స్పాంజి రెండు వేళ్ళ మందం. దాని మీద బొటనవేలితో గట్టిగా నొక్కాను.

"ఇటు చూడవే. నేర్చుకో" అన్నాను. "మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద మీద వేలు పెడితే గుంట అలాగే ఉండిపోతుంది. చచ్చిన స్పాంజి కూడా అంతే. లేదంటే రాయిలా అసలు దిగదు. బతికున్నదైతే ఆవు పొదుగులా నీ వేలిని వెనక్కి తోస్తుంది."

జెరోతిచ్ నొక్కి చూసింది. "తోస్తోందవ్వా."

రెల్లుపుల్ల లోపల పెట్టాను. కదల్లేదు. లేసులు కట్టి, మడమ జారుతుందేమోనని వేలు దూర్చి చూశాను. అది లేచి, సంత సందులో కూరగాయల బుట్టల మధ్య నుంచి ఆ చివరిదాకా పరుగెత్తి వెనక్కి వచ్చింది.

"ఎలా ఉన్నాయే?"

"అప్పుడే కోసిన గడ్డి మీద పరుగెత్తినట్టుందవ్వా."

"గడ్డి తినేవి కూడా అలాగే పరుగెడతాయి" అన్నాడు చెసిరే.

వారం తిరిగేసరికి ఒక రోజు పొద్దున్నే పరుగు నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని కాలు ఒత్తుకుంది. "నొప్పి ఏదవ్వా? వెతుక్కుంటున్నా దొరకట్లేదు" అంది. నేను పోస్తున్న టీ కప్పు దాటి పొర్లింది. సంతోషమే. కానీ సంతోషం ఒక్కటే అయితే టీ పొర్లేదాకా చూసుకోకుండా ఉండను. ఆ సాయంత్రం కోచ్ యాటోర్ దుకాణం మీదుగా పోతూ ఆగాడు.

"మీ పిల్ల పేరు రాసేసుకున్నట్టే అవ్వా. ఇక మీరు వంట కొంచెమే చేసుకోవచ్చు."

మంచి మాట అనుకునే అన్నాడు పాపం. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. తడి పీల్చుకోవడానికి బూట్ల లోపల కుక్కే పాత పేపర్లతోనే నేను చదవడం నేర్చుకున్నాను. ఆ పేపర్లు విప్పి చదువుకుంటూ కూర్చునే అలవాటు నాకు. ఆ రోజుల్లో ఏ పేజీ విప్పినా దారి మీద జరిగిన ప్రమాదాలే కనబడేవి.

"నువ్వు ఒక్కదానివే ఎలా ఉంటావవ్వా?" అని జెరోతిచ్ ఒకసారి అడిగింది.

"ముందు గెలువు. తర్వాత ఏడుద్దాం" అన్నాను. అది నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు.

పోటీకి ముందురోజు వాన పడింది. జెరోతిచ్ బూట్ల నిండా ఎర్రమట్టి ముద్దలతో వచ్చింది. ఇక్కడ పరుగెత్తేవాళ్ళెవరూ బూట్లు కడగకుండా అన్నం ముట్టరు. అదీ కడిగి, పేపర్లు కుక్కి, నా చేతికిచ్చింది. ఎండ లేదు. సెగకి స్పాంజి చస్తుంది, నిప్పు దగ్గర పెట్టొద్దని ప్రతి బేరానికీ చెప్పే మనిషిని నేనే. అందుకని పొయ్యి పక్కన పెట్టలేదు. పొయ్యికి పైన, మొక్కజొన్న కంకులు ఆరబెట్టే అటక మీద పెట్టాను. అంత ఎత్తుకి సెగ తగలదనుకున్నాను. కాన్వాసు బూట్ల కాలంలో అందరం అలాగే ఆరబెట్టేవాళ్ళం. ఆ సాయంత్రం చిక్కుడు గింజలు ఎంతకీ ఉడకలేదు. కట్టెలు ఎగదోస్తూనే ఉన్నాను.

తెల్లవారి అటక మీంచి బూట్లు తీశాను. పొడిగా, వెచ్చగా ఉన్నాయి. చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి. అలవాటుగా బొటనవేలితో నొక్కాను. వేలు దిగలేదు. రెండోది నొక్కాను. అదీ దిగలేదు.

పోటీకి ఇంకా రెండు గంటలుంది. దుకాణంలో మూటలో ఇంకో జత ఉంది. అంత మంచిది కాదు గాని బతికున్న స్పాంజి. వెళ్ళి తేవడానికి అరగంట పడుతుంది.

నేను చెప్పలేదు.

కాస్త వెనకబడితే చాలు అనుకున్నాను. నాలుగోది అయితే చాలు, ఈ ఇంట్లోనే ఉంటుంది. ఎముక సంగతి ఆ నిమిషాన నా బుర్రలోకి రాలేదు. రాలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. వచ్చిందేమో కూడా.

జెరోతిచ్ హడావిడిగా లేసులు కట్టుకుంది. "కాస్త బిగుసుకున్నాయేంటవ్వా?" అంది.

"తడిసి ఆరాయిగా. రెండు చుట్లు తిరిగితే అవే సాగుతాయిలే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గుర్తుపట్టాను. జెసాంగ్‌తో అన్నదే.

ఇంట్లోంచి మంచిపనికి బయల్దేరేవాళ్ళ అరచేతుల్లో పెద్దవాళ్ళు తుంపర ఉమ్మి దీవిస్తారు. జెరోతిచ్ రెండు చేతులూ చాపి నిలబడింది. నా నోరు ఎండిపోయింది. ఉమ్మినట్టు చేశాను, ఏమీ రాలేదు. అది ఏమీ లేని అరచేతుల్ని గుండెకి రాసుకుని, పరుగున వెళ్ళిపోయింది.

పదిహేడు చుట్ల దాకా రెండో స్థానంలో ఉంది. వెనకబడలేదు. నా మనవరాలు వెనకబడే పిల్ల కాదని నాకు తెలియాలి కదా. పద్దెనిమిదో చుట్టులో దాని అడుగు తప్పింది. తమాయించుకుంది. మరో చుట్టు ఆ కాలి మీదే తిరిగింది. ముఖం చూస్తే నొప్పికి నల్లబడింది, అయినా ఆగదు. ఆ తర్వాత ట్రాకు అంచున, కాల్లో ముల్లు తీసుకోవడానికి కూర్చున్నట్టు నెమ్మదిగా కూర్చుంది. మిగతా అమ్మాయిలు దాని పక్కనుంచి పోతుంటే మట్టి లేచి ముఖాన పడింది. కోచ్ యాటోర్ ఎత్తుకుని మోసుకొచ్చాడు.

ఎముక చీలిందన్నారు. కట్టు కట్టారు. యాటోర్ ఒకసారి వచ్చి, పాలు తాగి, "అతుక్కోనీ అవ్వా, చూద్దాం" అన్నాడు. మళ్ళీ రాలేదు.

కట్టుతో ఉన్న నెలలన్నీ జెరోతిచ్ నా పక్కనే దుకాణంలో కూర్చుంది. నేను కోరుకున్నట్టే. పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే గుంపుల అడుగుల చప్పుడు వినిపిస్తే దుప్పటి ముసుగు పెట్టుకునేది. చెసిరే జోకులు చెప్పడం మానేశాడు. ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు అది మూలనున్న నీలం బూటు చేతిలోకి తీసుకుంది. తిరగేసింది. నేను నేర్పినట్టే బొటనవేలితో అడుగున నొక్కింది. వేలు అక్కడే చాలాసేపు ఉంచింది. రెండోది తీసి నొక్కింది. తలెత్తి నాకేసి చూస్తుందని, అడుగుతుందని ఎదురుచూశాను. చెప్పేద్దామనే అనుకున్నాను. అది బూట్లు రెండూ జతగా, నెమ్మదిగా, ఎక్కడివక్కడ పెట్టేసింది. అడగని మాటకి జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మరుసటేడు నైవాషా పూలతోటల్లో పని దొరికింది దానికి. రోజంతా నిలబడి పూలు కట్టే పని. కాలు అతికింది గాని, బాగా అలిసినప్పుడు ఇప్పటికీ కాస్త ఈడుస్తుంది. వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం దాటాక దుకాణానికి వచ్చి నిలబడింది. పాత కొలపుల్ల పనికిరాలేదు. బరువంతా ఎడమకాలి మీదే వేసి నడిచి నడిచి ఆ పాదం సాగిపోయింది. కొత్త పుల్ల విరిచాను. మూటలన్నీ తిరగేసి, గంటల తరబడి నిలబడ్డా అలవనివ్వని జత ఒకటి తీశాను. బూడిదరంగువి. పదిసార్లు నొక్కి చూసుకున్నాకే దాని చేతికిచ్చాను.

వేసుకునే ముందు జెరోతిచ్ వాటిని తిరగేసి తనే నొక్కి చూసింది. ఒకటి, ఆపైన రెండోది. అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"ఇవి బతికే ఉన్నాయవ్వా" అంది.

"ఆఁ" అన్నాను.

మర్నాడు మటాటు ఆగేచోట అరచేతులు చాపింది. ఈసారి నా నోరు ఎండలేదు. అది చేతుల్ని గుండెకి రాసుకోలేదు. వంగి, కుడికాలి ఎముక మీద, ఆ చీలినచోట రాసుకుంది. సంచి భుజానికెత్తుకుని రోడ్డు దాటింది. నేను దాని ముఖం చూడలేదు. బండి కదిలేదాకా కాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాను, ఈడుస్తుందేమోనని.