నాలుగు నెలల ముందు పారిపోయినవాడు

దైతారి జెనా మరో నాలుగు నెలల్లో విడుదల కావలసినవాడు. పడవల దొంగతనం కేసులో ఏడేళ్ళ శిక్ష. జైల్లో ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. అలాంటివాడు ఆదివారం మధ్యాహ్నం కూరగాయల వ్యానులో దాక్కుని గేటు దాటేశాడు.

ఎక్కడికి పోయాడన్న దానికంటే ఎందుకు పోయాడన్నదే ఇన్‌స్పెక్టర్ కుంతలా నాయక్‌ను తొలిచేసింది. అతనికి జబ్బుపడ్డ చుట్టాలు లేరు, అసలు ఇల్లే లేదు. జైల్లో అతని పరుపు కింద మాత్రం ఒక పేపరు ముక్క దొరికింది. చిలికా సరస్సు సముద్రంలో కలిసేచోట పేరుకున్న ఇసుకమేటను సోమవారం నుంచి యంత్రాలతో తవ్వేస్తారని వార్త. మేట పేరు కింద పెన్సిలు గీత.

"దొంగసొత్తు అక్కడ పాతిపెట్టుంటాడు మేడమ్," అన్నాడు హవల్దార్ రథ్.

"వాడెత్తుకుపోయింది పడవలయ్యా. పాతిపెట్టడానికి అవేమన్నా లంకెబిందెలా?"

ఆ మేటకు పడవలోనే వెళ్ళాలి. కుంతల పడవెక్కి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. తొమ్మిదేళ్ళప్పుడు, చిలికా మధ్య దీవిలోని కాళీజాయి అమ్మవారి దర్శనం చేసుకుని వస్తుంటే పడవ బోల్తాపడింది. తన చేతిలో ఆరేళ్ళ చెల్లెలి చెయ్యి ఉంది. అల లాగేసిందని అందరికీ చెప్పింది. నిజానికి ఎదురుగా తేలుతున్న చెక్కను అందుకోవడానికి తనే వదిలేసింది. చెల్లెలు దొరకలేదు.

సోమవారం పొద్దున్నే రథ్‌తో కలిసి మగునీ అనే ముసలి జాలరి పడవ ఎక్కింది. కూర్చున్న బల్లను రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"మిమ్మల్ని పడవ మోస్తోందమ్మా," అన్నాడు మగునీ తెడ్డు వేస్తూ. "పడవని మీరు మొయ్యక్కర్లేదు."

మేట మీద దైతారి విరిగిన తెడ్డుతో ఇసుక తవ్వుతున్నాడు. వాళ్ళను చూసి పరుగెత్తలేదు.

"ఒక్క గంట ఆగండమ్మా. ఆ తర్వాత ఎక్కడికంటే అక్కడికొస్తా."

"ఏం వెతుకుతున్నావు?"

"మనిషిని."

ఆ మనిషి నిరాకార్, అతనితో కలిసి పడవలు దొంగిలించినవాడు. తొమ్మిదేళ్ళ కిందట వాటా దగ్గర మాటామాటా పెరిగి, దైతారి కొట్టిన గెడదెబ్బకు ఇక్కడే ప్రాణం వదిలాడు. దైతారి అతన్ని ఈ ఇసుకలోనే పాతిపెట్టాడు. ఊళ్ళో అతను సూరత్ మిల్లులకు పోయాడనుకున్నారు.

"సూరత్ నుంచి ఎవరొచ్చినా వాళ్ళమ్మ వెళ్ళి అడుగుతోందట, మా నిరా కనిపించాడా అని. జైలుకొచ్చిన వాళ్ళ ఊరివాడు చెప్పాడు."

"మాతో చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు కాగితం రాస్తారు. ఆ కాగితం భువనేశ్వర్ వెళ్ళొచ్చేలోగా ఈ మేట సముద్రంలో ఉంటుంది."

"ఇది బయటపడితే నీకు యావజ్జీవమే. నాలుగు నెలలు నోరు మూసుకునుంటే పోయేది."

"బయటికొచ్చి నేను ఆ తల్లి ఉన్న ఊరి మీదుగానే కదమ్మా నడవాలి."

 కుంతల అతనికి బేడీలు వేసి, మేజిస్ట్రేటుకు ఫోన్ చేసింది. మేట మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పడానికి రథ్‌ను యంత్రాలవాళ్ళ దగ్గరికి పంపింది. మూడు చోట్ల తవ్వాక, మధ్యాహ్నం మూడింటికి ఎముకలు బయటపడ్డాయి. నడుము దగ్గర వెండి తాయెత్తు ఉంది. తల్లి దాన్ని గుర్తుపట్టింది.

దైతారికి యావజ్జీవం పడింది. నిరాకార్ తల్లి కోర్టుకు రాలేదు. కొడుక్కి కర్మ చేయించి, సూరత్ గురించి అడగడం మానేసింది.

మేట నుంచి తిరిగొచ్చిన మర్నాడే కుంతల బరంపురంలో ఉన్న తన తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆమె వేయించిన చిన్నచేపలు నంజుకుంటూ చద్దన్నం తింటోంది. కుంతల ఎదురుగా కూర్చుని, ఆనాటి చెక్క సంగతి, చెయ్యి వదిలేసిన సంగతి, అంతా చెప్పేసింది.

తల్లి గిన్నె పక్కకు జరిపింది.

"ఏ చేత్తో పట్టుకున్నావు చెల్లిని?"

కుంతల కుడిచెయ్యి చూపించింది. తల్లి తడి ఆరని చేత్తోనే దాన్ని అందుకుని, చాలాసేపు వదలలేదు.