సముద్రపు గాలికి తగ్గిన దగ్గు

గిద్దలూరు బజారులో సత్యనారాయణశెట్టి అంగడి పొద్దున్నే తెరుచుకుంటుంది. ఆయన భార్య రాజ్యలక్ష్మి గడప కడిగి, గల్లాపెట్టె దగ్గర అగరొత్తి వెలిగించేసరికి ఆ పొగకి శెట్టిగారి దగ్గు మొదలయ్యేది. శెట్టిగారు ఉగాదికి ముందే పోయినాడు. దగ్గు మాత్రం పోలేదు. ఆయన కూర్చునే కుర్చీలోనే ఉండి, మిరపకాయల బస్తా కదిలిస్తే చాలు అంగడంతా అదరగొట్టేది.

"ఏంది రాజ్యలక్ష్మమ్మా, శెట్టికి ఈ పొద్దు ఎక్కువైనట్టుందే?" అని అడిగేది, రాచర్ల నుంచి సరుకులకొచ్చే అంకాలమ్మ.

"మబ్బు పట్టింది కదా, అట్లనే ఉంటాది."

రోజూ పడుకునే ముందు రాజ్యలక్ష్మి కరక్కాయ ముక్క ఒకటి ఆయన దిండు మీద పెట్టేది. తెల్లారేసరికి అది చప్పరించిన పీచై ఉండేది. బతికుండగా మందు వేసుకోమంటే కస్సుమని లేచే మనిషి, ఇప్పుడు మారుమాట లేకుండా చప్పరించేవాడు. పోయినాక బుద్ధొచ్చి ఏం లాభం.

పక్కన చెప్పుల దుకాణం గౌస్ మొహిద్దీన్ ఒకనాడు, "ఈ దుమ్ములో తగ్గదు వదినా. శెట్టన్నకు సముద్రపు గాలి పడాల" అన్నాడు. మాట అందరికీ నచ్చింది. మార్కాపురంలో ఉండే కూతురు వైష్ణవి, చెన్నైలో ఎక్కి సముద్రం చుట్టి వచ్చే పెద్ద ఓడకు టికెట్ తీసింది. ఒక మనిషికే తీసింది, దగ్గుకు టికెట్ ఎందుకని. బజారు బజారంతా వచ్చి, నయం చేసుకుని రండి అని సాగనంపినారు. నయమైతే ఏమవుతుందో ఒక్కరికన్నా తట్టిందా? లేదు. అదీ మన తెలివి.

ఓడంటే మామూలు ఓడ కాదది. గిద్దలూరు బజారును అంతస్తులు అంతస్తులుగా పేర్చినట్టుంది. అందులో జంటలే ఎక్కువ, ఎక్కడ చూసినా ఫోటోలు. రాజ్యలక్ష్మి ఒక్కతే చెప్పులు చేతపట్టుకుని ఆ మెత్తటి తివాచీల మీద తిరిగేది. ఆమె గది సర్దే శ్యాంసన్‌ది మనవైపే, అర్ధవీడు. పెండ్లాం పిల్లల్ని అక్కడ వదిలి ఏండ్లుగా ఓడల్లో చేస్తున్నాడు. మొదటిరోజే తలుపు తట్టి, "అక్కా, బావ దగ్గుతున్నాడు కదా, వేడినీళ్లు తెచ్చినా" అన్నాడు.

పైన డెక్కు మీద ఆమె ఒక కుర్చీలో, దగ్గు ఒక కుర్చీలో. గాలి బాగా పట్టింది. దగ్గు మెత్తబడింది, ఎడమెడంగా వస్తోంది. రాజ్యలక్ష్మి సంబరంగా కూతురికి ఫోన్ చేసి చెప్పింది కూడా. ఆ మర్నాడు టిఫిను తింటుంటే చాలాసేపు పక్క కుర్చీలో ఏమీ వినపడలేదు. ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది. ఈ దగ్గు కూడా పోతే ఆయనది ఇంక నాకేం మిగుల్తుంది అనుకుంది.

తర్వాత ఆమె చేసిన పని వింటే మీరు తిడతారు. కరక్కాయల సంచి సూటుకేసు అడుగున దాచేసింది. పాటలు పాడే ఏసీ హాలుకు పోయి, చల్లగాలి నేరుగా తగిలే చోట కూర్చుంది. ఐస్‌క్రీము తెప్పించి పక్క కుర్చీ ముందు పెట్టించింది.

"ఇన్నేండ్లు వద్దన్నా కదా. ఈ పొద్దు తినండి" అన్నది.

సాయంత్రానికి దగ్గు తిరిగొచ్చింది. రాజ్యలక్ష్మి ముందు నవ్వుకుంది. కానీ అది ఆగలేదు. ఊపిరందక, ఛాతీలో పిల్లికూతలతో, ఆస్పత్రిలో చివరిరోజు దగ్గిన దగ్గు అది. పాట ఆపేసినారు. జనం ఖాళీ కుర్చీ వైపు జాలిగా చూస్తున్నారు. శ్యాంసన్ వేడినీళ్లతో పరిగెత్తుకుంటా వచ్చినాడు.

"మందు ఏదక్కా?"

"గదిలో ఉంది."

"ఉంటే ఇయ్యలేదేంది?"

"ఇస్తే పోతాడు శ్యాంసనూ."

శ్యాంసన్ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, "బావ శానా అవస్థ పడుతున్నాడక్కా" అన్నాడు.

రాజ్యలక్ష్మి లేచింది. గదికి పోయి కరక్కాయ పగలగొట్టి, మంచి ముక్క ఏరి, దగ్గును వెంటబెట్టుకుని డెక్కు మీదికి వచ్చింది. ముక్కను కుర్చీ చేతి మీద పెట్టి, లేని వీపును మెల్లగా నిమిరింది.

"నా కోసం బాధపడొద్దు మీరు. తగ్గనీయండి" అన్నది ఏడుస్తానే.

ముక్క మెల్లమెల్లగా పీచైంది. గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న దగ్గు వచ్చింది. దాని వెనక హాయిగా, పొడుగ్గా ఒక ఊపిరి. ఇంక వినపడిందల్లా సముద్రమే.

పొద్దున వైష్ణవి ఫోన్ చేసింది.

"నాయనకు ఎట్లుందమ్మా?"

"తగ్గింది."

"బాగా తగ్గిందా?"

"పూర్తిగా తగ్గింది తల్లీ."

"అమ్మయ్య" అన్నది వైష్ణవి. అన్నాక ఆమెకూ అర్థమైంది. శెట్టిగారు పోయిన రోజు ఆ ఇంట్లో ఎవరూ సరిగా ఏడవలేదు. లోపల దగ్గు వినపడుతుంటే ఏడవడానికి ఎవరికి మనసొస్తుంది? ఇప్పుడు ఏడ్చినారు, మార్కాపురంలో కూతురు, నడిసముద్రంలో తల్లి.

"గిద్దలూరు స్టేషన్‌కు రా తల్లీ" అన్నది రాజ్యలక్ష్మి చివరికి. "ఒక్కదాన్నే వస్తున్నా."