మడత మార్చే మంగళవారం

కుర్మయ్య మోకాళ్ళ మీద కూర్చుని పైపును విప్పుతున్నాడు. పాత క్యాన్వాస్ పైపు, పదిహేను మీటర్ల పొడవు. సిమెంటు నేల మీద మడత తరువాత మడతగా సాగుతోంది.

గోడల పొడవునా ఇత్తడి గంటలు, ఇనుప టోపీలు, తోలు బకెట్లు, ఒక చేతి పంపు. నగరంలోని ఈ పాత ఫైర్ స్టేషన్‌ను మ్యూజియం చేసి రెండేళ్ళయింది. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు కుర్మయ్య ఇక్కడే పనిచేశాడు. మంటల దగ్గరికి వెళ్ళింది తక్కువ. బండి తిరిగొచ్చాక తడిసిన పైపులు కడగడం, టవర్ ఎక్కి వేలాడదీయడం, ఎండాక చిల్లులకు అతుకులు వేయడం ఆయన పని. రబ్బరు జిగురు పట్టి నల్లబడిన బొటనవేలి గోరు రిటైరయ్యాక కూడా తెల్లబడలేదు. గోడ మీద సిబ్బంది ఫోటో ఉంది. అందులో ఆయన లేడు. ఫోటో తీసిన రోజు టవర్ మీద ఉన్నాడు.

నెలనెలా మొదటి మంగళవారం దేవరయాంజాల్ నుంచి బస్సెక్కి వస్తాడు. మ్యూజియం గేటు దగ్గర అందరిలాగే టికెట్టు తీసుకుంటాడు. పైపును విప్పి, మడతలను జానెడు జరిపి మళ్ళీ పేరుస్తాడు. ఒకే చోట మడతపడి ఉంటే నూలు చిట్లిపోతుంది. మిగతా పైపులన్నీ పాతసామాను కింద పోయాయి. దీని మీది ఏడు అతుకులూ ఆయన వేసినవే. ఆయన చేతిపని ఇంకెక్కడా మిగల్లేదు.

ఊడ్చే దుర్గాబాయి చీపురు ఆనించి నిలబడింది.

"మామా, గీ పైపుకు జేసిన సేవ ఎన్నడన్న అత్తకు జేసినవా?"

"మీ అత్త తిడతది. ఇది ఊకుంటది," అన్నాడు తలెత్తకుండా.

"ఊకుంటదనే నెత్తి మీద పెట్టుకున్నవ్."

బూట్ల చప్పుడైంది. ఆ వారమే కొత్తగా వచ్చిన అధికారి గోపాలరావు.

"ఎవరయ్యా నువ్వు? ముట్టుకోవద్దని బోర్డు కనబడలేదా?"

"ముట్టకుంటెనే పాడైతది సార్. గిట్లనే ఉంచితే మడత కాడ పల్గుతది."

"రేపు అద్దాల పెట్టె బిగిస్తున్నాం. తాళం నా దగ్గరుంటుంది. ఇక ఎవరూ ముట్టనక్కరలేదు."

"నెలకొక్కసారి తియ్యనియ్యుండ్రి సార్. తాళం మీరే పట్టుకోని నిలబడుండ్రి."

"కుదరదు."

కుర్మయ్య చేతిలోని మడతను వేళ్ళతో నొక్కి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, అంచును పళ్ళతో కొరికి పరపరా చింపాడు.

"అయ్యో, కొత్తది గద మామా!" అంది దుర్గాబాయి.

"నూలుది. మంచిగనే ఆగుతది."

తొమ్మిది పేలికలు చేశాడు. ఒక్కొక్కదాన్నీ బొటనవేలంత లావున చుట్టి మడత లోపల పెట్టాడు. ఇప్పుడు పైపు వంపు తిరుగుతోందే గాని నలగడం లేదు.

"చూసేవాళ్ళకు అసహ్యంగా ఉంటుందయ్యా," అన్నాడు గోపాలరావు.

"కనవడకుంట వెడత సార్. ఇగ మల్ల రాను."

గోపాలరావు గడియారం చూసుకున్నాడు. "సరే, కానివ్వు," అని వెళ్ళిపోయాడు.

ఆఖరి మడత పెట్టాక కుర్మయ్య పైకి కనబడే అతుకులను అరచేత్తో ఒకసారి నిమిరాడు. గోడ పట్టుకుని లేచాడు.

"వచ్చే నెల ఊకనే రా మామా, చాయ్ తాగిపోదువు," అంది దుర్గాబాయి.

"ఊకనే వచ్చుడు నాకు చాతకాదు బిడ్డా."

మేడ్చల్ బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పేట్ బషీరాబాద్ దాటాక కిటికీ కడ్డీకి నుదురు ఆనించాడు. దేవరయాంజాల్ దారి వచ్చింది, పోయింది. ఆయన దిగలేదు. మేడ్చల్‌లో అందరూ దిగారు. కండక్టర్ వచ్చి భుజం తట్టాడు.

"పెద్దమనిషీ, ఆఖరి స్టాపు."

ఒళ్ళో ఉన్న చెయ్యి జారి సీటు మీద పడింది. కండక్టర్ డ్రైవర్‌ను పిలిచాడు.

మరునాడు అద్దాలు బిగించారు. పక్కన పెట్టిన అట్ట మీద పైపు పొడవు, కొన్న సంవత్సరం రాసి ఉన్నాయి. లోపల, మూడో మడతలోంచి, ఎర్రగళ్ళ తువ్వాలు పేలిక ఒకటి పోగులు పోగులుగా వేలెడంత బయటికి వచ్చి ఉంది.