సాక్సు అడిగిన మాట

ఆ క్లాసులో సూది పడినా వినిపిస్తుంది. ఒకరోజు నిజంగానే టైలరమ్మ సంచిలోంచి సూది జారి పడితే అందరూ వెనక్కి తిరిగి చూశారు కూడా. వలస వచ్చిన ఊరి భాష నేర్చుకుందామని, పనులు ముగించుకుని సాయంత్రాలు వచ్చే పెద్దవాళ్ళ క్లాసు అది. బస్సు డ్రైవరు, బేకరీ ఆయన, ఇంకా కొందరు. బయట కబుర్లకు కూర్చుంటే లేవని ఘనులే అందరూ. పంతులమ్మ ప్రశ్న అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాళ్ళే.

టైలరమ్మ బాధ వేరు. కొడుకు ఈ ఊరి పిల్లను చేసుకున్నాడు. పిల్ల బంగారం. కానీ అత్తకు కోడలి భాష రాదు, కోడలికి అత్త భాష రాదు. కొడుకు ఇంట్లో ఉంటే ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేవాడు. వాడు పనికి వెళ్ళాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడమే. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టేవి. ఇప్పుడా పిల్ల కడుపుతో ఉంది. ఏం తినాలనుందో నోరారా అడగలేకపోతే తానేం అత్తగారినని టైలరమ్మకు దిగులు.

ఒక సాయంత్రం పంతులమ్మ పుస్తకాలు పక్కన పెట్టి, బుట్టెడు పాత సాక్సులు బల్ల మీద కుమ్మరించింది. బొత్తాలతో కళ్ళు కుట్టి బొమ్మలు చేసి, చేతికి తొడుక్కోమంది.

"ఇవాళ మీరెవరూ నోరెత్తొద్దు. బొమ్మలే మాట్లాడాలి. తప్పొస్తే బొమ్మది తప్పు, మీకేం సంబంధం లేదు," అంది.

డ్రైవరు కుట్టిన కన్ను బుగ్గ మీదికి దిగింది. అది చూసి టైలరమ్మకు ఒళ్ళు మండింది. "ఇలా తే నాయనా, పాపం గుడ్డిదాన్ని చేసేలా ఉన్నావు," అని లాక్కుని సరిచేసింది. తన బొమ్మకు ఎర్రగుడ్డతో ఇంత నోరు కుట్టి, గడుగ్గాయి అని పేరు పెట్టింది.

గడుగ్గాయి పేరు నిలబెట్టుకుంది. "నీ బస్సు రోజూ లేటే! నిద్రపోతున్నావా?" అని డ్రైవరు బొమ్మను ఊరి భాషలో దులిపేసింది. డ్రైవరు బొమ్మ ఊరుకుంటుందా? "నువ్వే లేటుగా వచ్చి నా బస్సునంటావా?" అంది. బేకరీ బొమ్మ సర్దిచెప్పబోయి రెండువైపులా తిట్లు తింది. పక్కగదివాళ్ళు వచ్చి, కాస్త మెల్లగా మాట్లాడమని చెప్పి వెళ్ళారు. ఆ క్లాసుకు అలాంటి మాట పడటం అదే మొదలు. పంతులమ్మ ముఖం చేటంత అయింది.

మర్నాడు కొడుకు పనికి వెళ్ళగానే టైలరమ్మ ధైర్యం చేసి కోడలి ముందు నిలబడింది. మాట నాలుక చివరే ఉంది, బయటికి రాదు. కోడలు అలవాటుగా నవ్వింది. ఇక లాభం లేదని టైలరమ్మ సంచిలోంచి గడుగ్గాయిని తీసి చేతికి తొడుక్కుంది.

"పిల్లా, నీకేం తినాలనుంది? ఈవిడ చేసిపెడుతుందట. అడగడానికి సిగ్గు," అంది గడుగ్గాయి, ఊరి భాషలో గడగడా.

కోడలు నోరు వెళ్ళబెట్టింది. గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ఈ వయసులో గుడ్డబొమ్మతో ఈ వేషాలేమిటి, పిల్ల నొచ్చుకుందేమో అనుకుంది టైలరమ్మ.

కోడలు తిరిగొచ్చింది. చేతికి మొగుడి సాక్సు. దానికి కళ్ళు లేవు. మడమ దగ్గర చిల్లే దాని నోరు.

"అత్తయ్యా," అంది సాక్సు, అత్తగారి భాషలో, కూడబలుక్కుంటూ. "పులుపు కావాలి. చాలా పులుపు. మీరు ఫోన్లో మాట్లాడతారు కదా, విని నేర్చుకున్నా. ఈ పిల్లకి కూడా సిగ్గు."

టైలరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ గడుగ్గాయి ఏడిస్తే పరువేం కావాలి? "మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?" అని ఎగిరింది.

"మీరు అడగలేదు!" అంది చిల్లు సాక్సు.

ఆ సాయంత్రం కూరలో ఉప్పు చాలదని ఒకరు, ఎక్కువైందని ఒకరు వంటింట్లో రెండు భాషల్లో వాదించుకుంటున్నారు. సాక్సులు ఎప్పుడో గట్టు మీదికి చేరాయి. కొడుకు ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడ్డాడో టైలరమ్మ చూడనేలేదు.

"ఏమ్మా, పోట్లాడుకుంటున్నారా?" అన్నాడు వాడు, పట్టలేని సంతోషంతో. "నేనేమైనా చెప్పాలా?"

"నువ్వు మధ్యలోకి రాకు," అన్నారిద్దరూ.