మూడో మిస్డ్ కాల్

ఏడేళ్ల గిలక్కాయ ఆ ఉదయం మొదటిసారి ఒంటరిగా బడికి బయల్దేరింది. నోరు ఒక్క క్షణం మూతపడదు గనక ఇంట్లో ఆ పేరు పెట్టారు. నడిస్తే పట్టుమని పది నిమిషాలు లేని దారి అది. రోజూ స్కూటర్ మీద దించే తండ్రికి మాత్రం పది యోజనాలు. "దగ్గరి పిల్లల్ని నడిచి రానివ్వండి" అని టీచరమ్మ చెప్పినప్పటి నుంచి కూతురు ఒకటే పోరు. భార్య డ్యూటీకి వెళ్తూ తేల్చేసింది: "పంపించు. వెనకాల వెళ్లావో, నాతో మాట్లాడకు." స్కూటర్ కూడా తీసుకుపోయింది, కావాలనే.

అతను ఒక ఉపాయం పన్నాడు. మలుపులో బట్టలు కుట్టే అక్క, మెయిన్ రోడ్డుకు ఇవతల మందుల షాపాయన, అవతల బడి గేటు దగ్గర వాచ్‌మన్. పాప కనబడగానే ఒక్కొక్కరూ ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి.

తన సెలూన్‌లో పోస్టుమాన్ గడ్డానికి నురగ పట్టిస్తుండగా మొదటిది మోగి ఆగింది. కుడి చెంప గీస్తుండగా రెండోది. ఇక రోడ్డు దాటడమే మిగిలింది.

రెండు వైపులా చూసి దాటిందో లేదో కనుక్కుందామని మందుల షాపుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. అక్కకు చేశాడు. "చక్కగా వెళ్లింది తమ్ముడూ," అంది. మళ్లీ మందుల షాపు, మళ్లీ అక్క.

మూడోది రాలేదు. పాప బయల్దేరి పావుగంట దాటింది. కత్తి పోస్టుమాన్ గొంతు మీదే ఆపి ఫోన్ వైపు చూశాడు.

"ముందు ఆ కత్తి దించవయ్యా," అన్నాడు పోస్టుమాన్ మెడ వెనక్కి లాక్కుని. "నీ కూతురికేం కాదు. నా పీక సంగతే అనుమానంగా ఉంది."

కత్తీ ఫోనూ బల్ల మీద పడేసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. ఎందుకు పంపానురా దేవుడా అనుకుంటూనే మెయిన్ రోడ్డులోకి దూకేశాడు. లారీ బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవర్ తిట్లు అతని చెవికెక్కలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఎన్నిసార్లు చెయ్యనయ్యా? నీ ఫోన్ ఎప్పుడూ బిజీయే! పాప ఎప్పుడో వచ్చింది. అదుగో."

గిలక్కాయ వరండాలో నిలబడి ఇటే చూస్తోంది. మాటలు వచ్చాక మొదటిసారి ఆ పిల్ల నోట మాట లేదు. మెల్లగా గేటు దాకా వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"లారీ వచ్చేసింది నాన్నా. నువ్వు చూడనేలేదు."

అతనికి సిగ్గుతో తల వాలిపోయింది.

పిల్ల ముక్కు తుడుచుకుంది. "తాతా, ఒక్క నిమిషం," అని వాచ్‌మన్‌కు చెప్పి తండ్రి చెయ్యి పట్టుకుంది. "పద, నేను దాటిస్తా. నువ్వు ఒక్కడివీ వెళ్లొద్దు."

కుడికి చూసింది, ఎడమకు చూసింది, మళ్లీ కుడికి. బస్సు వెళ్లేదాకా ఆగింది. అవతలికి చేర్చి చెయ్యి వదలబోయింది. అతని వేళ్లు విడవలేదు. తిరిగి ఒక్కతే దాటాలి కదా!

"నాన్నా, గంట కొట్టేస్తారు."

వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"చూసుకుని వెళ్లమ్మా," అన్నాడు.